ప్యాపిలి ఎన్ని అక్షరాలు?

ప్యాపిలి అనే ఊరి పేరులో ఎన్ని అక్షరాలున్నాయని రెండో తరగతి పిల్లను అడిగితే వేళ్లు మడిచి మూడు అంటుంది: ప్యా, పి, లి. అదే పేరును పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాంకిచ్చి, పొడవెంతో కింద స్టేటస్ బార్‌లో చూపించమంటే 8 అని చూపిస్తుంది. ఆ పేరును యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలులో దాచి, ఎంత చోటు పట్టిందని అడిగితే 24 బైట్లంటుంది. 2023కి ముందున్న యూనికోడ్ నియమాల ప్రకారం అక్షరాలు విడదీసి లెక్కపెట్టమంటే 4 వస్తుంది. నంద్యాల జిల్లాలో, డోన్‌కీ గుత్తికీ నడుమ, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఒక మండల కేంద్రం పేరుకి ఇన్ని లెక్కలు. వీటిలో ఏదీ కూడికలో పొరపాటు కాదు. ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు సరైన జవాబే. తెర ముందు కూర్చున్న మనిషి అడిగింది ఏ ప్రశ్న అన్నదే అసలు సంగతి. డెస్క్‌టాప్ ప్రోగ్రాముల అడుగున ఉండే స్టేటస్ బార్ అనే సన్నని పట్టీ గురించి రాయడానికి ఈ ఊరి పేరుకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ పట్టీ ప్రోగ్రాం తన యజమానికి అప్పజెప్పే లెక్క. లెక్క నిజమైతే చాలదు, తీసుకునేవాడి కొలతలో ఉండాలి. ఈ వ్యాసంలో నేను నిలబెట్టాలనుకుంటున్న వాదన ఇంతే.

కిరాణా దుకాణంలో కాటాను చూడండి. తూకం సరిగ్గానే ఉండవచ్చు, అంకె కూడా వెలుగుతూ ఉండవచ్చు. కానీ ఆ అంకె దుకాణదారు వైపే తిరిగి ఉంటే కొనేవాడికి దాంతో ఉపయోగం లేదు. రెండు వైపులా అంకె కనబడే కాటాలు వచ్చింది అందుకే. ప్రోగ్రాం లోపల ప్రతి క్షణం ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది: ఫైలు తెరుచుకుంటోంది, మార్పులు ఇంకా భద్రం కాలేదు, నెట్ తెగిపోయింది, క్యాప్స్ లాక్ పడి ఉంది, 400 వరుసల్లో 37వ వరుస దగ్గర ఉన్నాం. ఇవన్నీ ప్రోగ్రాంకి తెలుసు. మనిషికి తెలియజేయాలంటే రెండు దారులున్నాయి. పని ఆపి, తెర మధ్యలో ఒక పెట్టె తెరిచి చెప్పడం ఒకటి. పని ఆపకుండా, చూడాలనిపించినప్పుడు చూసుకునేలా ఒక మూలన రాసి పెట్టడం రెండోది. స్టేటస్ బార్ రెండో దారి. మాట మధ్యలో అడ్డురాదు, అడిగితే మాత్రం జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఈ ఏర్పాటు మౌస్ అందరి బల్లల మీదకీ రాకముందే ఉంది. 1970లలో బ్యాంకుల్లో, బీమా కార్యాలయాల్లో పాతుకుపోయిన ఐబీఎం 3270 తరహా టెర్మినళ్ల తెర అడుగున, రాసే వరుసలకు విడిగా ఒక వరుస ఉండేది. దూరాన ఉన్న పెద్ద యంత్రం ఇంకా జవాబివ్వకపోతే అక్కడ ఇంటూ గుర్తు, దాని పక్కన గడియారం బొమ్మ పడేవి. ఇప్పుడు కీ నొక్కినా ఫలితం లేదు, ఆగు అని దానర్థం. జీడబ్ల్యూ బేసిక్‌లో ప్రోగ్రాంలు నేర్చుకున్న తరానికి 25వ వరుస గుర్తుండే ఉంటుంది. ఏ ఫంక్షన్ కీ నొక్కితే ఏం జరుగుతుందో అక్కడ వరుసగా రాసి ఉండేది. తర్వాత కిటికీల కాలం వచ్చింది. విండోస్ 95తో ఈ పట్టీ ఏ ప్రోగ్రామరైనా తీసి వాడుకోగల తయారు సరుకైంది. దాన్ని 256 గదుల వరకూ విభజించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వారి ఎంఎఫ్‌సీ పరికరాలతో కొత్త ప్రోగ్రాం మొదలుపెడితే క్యాప్స్ లాక్, నమ్ లాక్, స్క్రోల్ లాక్ అనే మూడు గదులు వాటంతటవే వచ్చి కూర్చునేవి. స్క్రోల్ లాక్‌ను జీవితంలో ఒక్కసారీ వాడనివాళ్ల తెర మీద కూడా దాని గది ఏళ్ల తరబడి ఉండిపోయింది. మనిషికి ఏం తెలియాలి అని అడగకుండా యంత్రం దగ్గర చెప్పడానికేముంది అని అడిగితే పట్టీ ఇలాగే నిండుతుంది.

పట్టీని తయారుచేసే తీరును బట్టి దాని వెనుక ఆలోచనలు కనబడతాయి. క్యూటీ అనే పరికరాల పెట్టెలో సమాచారాన్ని మూడు రకాలుగా విడదీశారు. కాసేపు కనబడి పోయే మాట, మామూలుగా ఉండే గుర్తు, ఎప్పటికీ కదలని గుర్తు. ‘భద్రమైంది’ లాంటి కాసేపటి మాట ఎడమవైపు వస్తుంది, అది ఉన్నంతసేపూ మామూలు గుర్తులు మరుగున పడతాయి, కుడివైపున్న శాశ్వత గుర్తులు మాత్రం చెక్కుచెదరవు. ఎన్ని మిల్లీసెకండ్లు ఉండాలో కూడా చెప్పవచ్చు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ‘ఈ మాట ఎంతకాలం నిజం?’ అనే ప్రశ్నను ప్రోగ్రామర్ చేత అడిగిస్తుంది కాబట్టి నాకిది మంచి ఏర్పాటనిపిస్తుంది. ‘భద్రమైంది’ అన్న మాట తర్వాతి కీ నొక్కేవరకే నిజం. దాన్ని అలాగే వదిలేస్తే అయిదు నిమిషాల తర్వాత అది అబద్ధమవుతుంది. జీటీకే అనే మరో పరికరాల పెట్టెలో మాటలను కంచాల దొంతర లాగా ఒకదాని మీద ఒకటి పేర్చేవారు, పైది తీస్తే కిందిది మళ్లీ కనబడేది. పేర్చినవాడు తీయడం మరిచిపోతే ఎప్పటిదో మాట పైనే మిగిలిపోతుంది. జీటీకే 4.10లో ఆ విడ్జెట్‌ను ఇక వాడవద్దన్న జాబితాలో చేర్చారు. పైథాన్‌తో పాటు వచ్చే టీకింటర్‌లోనైతే అసలు స్టేటస్ బార్ అనే వస్తువే లేదు. నేర్చుకునేవాళ్లు ఒక లేబుల్‌ను కిటికీ అడుగున అతికించి, అంచులు కొంచెం లోపలికి నొక్కినట్టు చూపించి దాన్నే పట్టీ అంటారు. ఇక్కడొక కిటుకుంది. పట్టీని ముందు అడుగున అమర్చి, ఆ తర్వాతే రాసుకునే పెద్ద పెట్టెను అమర్చాలి. వరుస తప్పితే కిటికీని చిన్నది చేసినప్పుడు పెద్ద పెట్టె చోటంతా తినేసి, పట్టీ కనబడకుండా పోతుంది.

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు అందరికన్నా ఎక్కువగా తికమకపడేది మాత్రం మరొకచోట. ప్యాపిలిలోనో డోన్‌లోనో ఒక డిగ్రీ విద్యార్థి దుకాణం నిల్వ లెక్కల ప్రోగ్రాం రాస్తున్నాడనుకుందాం. వేల వరుసలున్న ఫైలును చదివేముందు పట్టీలో ‘చదువుతున్నాను, ఆగండి’ అని రాయమని ఒక ఆజ్ఞ పెట్టాడు. దాని కిందనే చదివే పని పెట్టాడు. చివర ‘అయిపోయింది’ అని రాయించాడు. నడిపితే కిటికీ ఇరవై సెకండ్లు బిగుసుకుపోయి, చివరికి ఒక్కసారిగా ‘అయిపోయింది’ అని కనబడుతుంది. మొదటి మాట ఎప్పుడూ కనబడదు. ఆజ్ఞ తప్పు కాదు, వరుస తప్పు కాదు. మరి ఎందుకు? తెర మీద బొమ్మ గీయడానికీ, మౌస్ నొక్కితే పలకడానికీ, కీబోర్డు వినడానికీ ప్రోగ్రాంలో ఉన్నది ఒకే గుమాస్తా. లేబుల్ మీద కొత్త మాట రాయమంటే అతడు వెంటనే గీయడు, ‘ఇది మళ్లీ గీయాలి’ అని ఒక చీటీ రాసుకుని బల్ల మీద పెట్టుకుంటాడు. చేతిలో పని అయ్యాక చీటీలు ఒక్కొక్కటీ తీస్తాడు. చేతిలో పనేమో ఆ పెద్ద ఫైలు చదవడం. అది ముగిసేలోపు రెండో చీటీ కూడా వచ్చేసింది. రెండూ ఒకే లేబుల్‌వే కాబట్టి ఆఖరుది మాత్రమే గీస్తాడు. ఈలోగా విండోస్ ఆ గుమాస్తాను పలకరించి చూస్తుంది. అయిదు సెకండ్లు పలకకపోతే కిటికీ పైన స్పందించడం లేదని రాసేస్తుంది. కష్టపడి పనిచేస్తున్న ప్రోగ్రాం చచ్చిపోయినట్టు కనబడటం, మనిషి దాన్ని మూసేసి సగం పనిని పాడుచేసుకోవడం ఇలాగే జరుగుతుంది.

పరిష్కారం ఏమిటంటే బరువైన పనికి వేరే కూలీని పెట్టి గుమాస్తాను ఖాళీగా ఉంచడం. దీన్నే వర్కర్ థ్రెడ్ అంటారు. అయితే ఆ కూలీ నేరుగా వచ్చి పట్టీ మీద రాయకూడదు. క్యూటీలోనూ, మైక్రోసాఫ్ట్ వారి విన్‌ఫార్మ్స్‌లోనూ నియమం ఒకటే: తెరను ముట్టుకునే హక్కు దాన్ని నడిపే ఆ ఒక్క థ్రెడ్‌కే ఉంది, మిగతావాళ్లు కబురు పంపాలి. ఆ కబురు కూడా మితంగా ఉండాలి. పదివేల వరుసలకు పదివేల కబుర్లు పంపితే చదవడం కన్నా చెప్పడానికే ఎక్కువ సమయం పోతుంది. మనిషి కంటికి సెకనుకు పదిసార్లు మారే అంకె చాలు. ఎంత పని మిగిలిందో తెలిసినప్పుడు ‘చదువుతున్నాను’ అనడం కన్నా ‘10,000లో 6,200’ అనడం మేలు. పని ఎంతవరకు వచ్చిందో చూపించే గుర్తులను జనం ఇష్టపడతారని బ్రాడ్ మయర్స్ 1985లోనే ప్రయోగం చేసి రాశారు. తెరల రూపకల్పనకు యాకోబ్ నీల్సన్ 1994లో స్థిరపరచిన పది సూత్రాల్లో మొట్టమొదటిది కూడా వ్యవస్థ ఏ స్థితిలో ఉందో కనబడుతూ ఉండాలన్నదే. ఎంత మిగిలిందో తెలియనప్పుడు మాత్రం ఊహించి శాతం వేయకూడదు. 99 దగ్గర పావుగంట నిలిచిపోయే అంకెను ఒకసారి చూసినవాడు ఆ ప్రోగ్రాం చూపించే ఇంకే అంకెనూ నమ్మడు.

నమ్మకం మాట వచ్చింది కాబట్టి బ్రౌజర్ల చరిత్రను తలుచుకోవాలి. ఒకప్పుడు లింకు మీద మౌస్ పెడితే ఆ దారి ఎక్కడికి పోతుందో కింద పట్టీలో కనబడేది. ఆ పట్టీలో తమకిష్టమైన మాట రాసుకునే వీలు వెబ్ పేజీలకు కూడా ఇచ్చారు. మొదట్లో పేజీల వాళ్లు స్వాగతం అంటూ కదిలే అక్షరాలు రాసుకున్నారు. తర్వాత మోసగాళ్లు వచ్చారు. కింద బ్యాంకు చిరునామా చూపిస్తూ లింకును మాత్రం తమ దొంగ పేజీకి తిప్పేవారు. చివరకు బ్రౌజర్లు ఆ వీలును తీసేశాయి. పట్టీ ఎవరిదో తేల్చిన ఘట్టమది. ఇంట్లోకి వచ్చిన అతిథికి ఇంటి లెక్కల పుస్తకం ఇచ్చి రాసుకోమనకూడదు. పట్టీలో కనబడేది ప్రోగ్రాం తన బాధ్యత మీద చెప్పే మాటే అయి ఉండాలి. మన విద్యార్థి రాసే చిన్న ప్రోగ్రాంకీ ఇదే వర్తిస్తుంది. ఫైలు పేరును పట్టీలో చూపిస్తున్నప్పుడు ఆ పేరే ‘భద్రమైంది’ అని ఉంటే ఏది పేరో, ఏది సమాచారమో చూసేవాడికి తెలియదు. పేరుకొక గది, సమాచారానికొక గది వేరుగా ఉంచితే ఆ గందరగోళం ఉండదు.

ఇదంతా పాత ముచ్చట కదా, స్టేటస్ బార్ పోయింది కదా అనేవారున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. 2008 సెప్టెంబరులో వచ్చిన గూగుల్ క్రోమ్ శాశ్వతమైన పట్టీ లేకుండానే వచ్చింది. 2011లో ఫైర్‌ఫాక్స్ 4 కూడా దాన్ని తీసేసింది. కానీ ఏం తీశారో గమనించాలి. క్రోమ్‌లో ఇవాళ కూడా లింకు మీద మౌస్ పెడితే ఎడమ మూలన చిరునామా తేలుతుంది. తీసింది ఎప్పుడూ ఖాళీగా పడి ఉండే చోటును, చెప్పే బాధ్యతను కాదు. ఇక పనిముట్లుగా వాడే ప్రోగ్రాముల్లో పట్టీ ఎక్కడికీ పోలేదు. 2015లో వచ్చి ప్రోగ్రామర్లలో బాగా వ్యాపించిన విజువల్ స్టూడియో కోడ్ అడుగున వరుస సంఖ్య, నిలువు సంఖ్య, తప్పుల సంఖ్య, ఫైలు ఏ సంకేత పద్ధతిలో ఉందో అన్నీ ఉంటాయి. లిబ్రెఆఫీస్ రైటర్ పట్టీలో పదాల సంఖ్య, అక్షరాల సంఖ్య ఉంటాయి. రెండో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది: కిందకు ఎవరూ చూడరు. ఇది నిజమే. మైక్రోసాఫ్ట్ వారి సొంత రూపకల్పన సూచనల్లో కూడా పట్టీ సులువుగా చూపు తప్పుతుందని, ముఖ్యమైన విషయాలు దాని మీద వదిలేయవద్దని ఉంది. నేను దీన్ని పట్టీకి వ్యతిరేకమైన వాదనగా కాక, అందులో ఏం పెట్టాలో తేల్చే గీటురాయిగా తీసుకుంటాను. చూడకపోతే నష్టం జరిగే సంగతి పట్టీకి తగదు, చూస్తే మేలు జరిగే సంగతే తగుతుంది. డిస్కు నిండి ఫైలు భద్రం కాలేదన్నది మొదటి రకం, మనిషి ఎదురుగా వచ్చి చెప్పాలి. ఎన్ని అక్షరాలు రాశామన్నది రెండో రకం.

అక్షరాల లెక్క దగ్గరికే మళ్లీ వద్దాం, ఎందుకంటే తెలుగువాడికి పట్టీ అన్యాయం చేసేది అక్కడే. యూనికోడ్‌లో ‘ప్యా’కి ఒక సంఖ్య లేదు. ప అనే హల్లు, పొల్లు గుర్తు, య అనే హల్లు, దీర్ఘం గుర్తు అని నాలుగు సంకేతాలుగా అది నమోదవుతుంది. వాటిని కలిపి ప కింద యవత్తు పెట్టి దీర్ఘమిచ్చి చూపించడం ఫాంటు పని. పి రెండు, లి రెండు, మొత్తం 8. ఒక్కొక్క సంకేతానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు, అందుకని 24. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే, సంకేతాలు 6, బైట్లు 18. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు చేరినప్పటి నుంచీ ఈ అమరిక ఇలాగే ఉంది, ఇది తెలివైన అమరికే. వేల గుణింతాలకూ సంయుక్తాక్షరాలకూ విడివిడిగా సంఖ్యలివ్వకుండా 128 గళ్ల పట్టికలో తెలుగంతా ఒదిగిపోయింది. దాచుకోవడానికి బాగున్న ఈ ప్రమాణాన్ని తీసుకొచ్చి లెక్క చెప్పడానికి వాడటంతోనే చిక్కు. పైథాన్‌లో పొడవు అడిగే ఆజ్ఞ సంకేతాల లెక్క చెబుతుంది. ఇంగ్లీషులో సంకేతం, అక్షరం, బైటు మూడూ ఒకటే కావడంతో ఆ ఆజ్ఞను నేరుగా పట్టీకి కలిపేయడం అక్కడి ప్రోగ్రామర్లకు అలవాటైంది. ఆ అలవాటే మనకు వచ్చింది. తెలుగు అక్షరాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనబడని ఒక విడదీసే గుర్తున్న సంకేతాల వరుస వస్తే దాన్ని చూపించబోయి ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేయాల్సి వచ్చింది.

ఒక అంకె ఎక్కువో తక్కువో చూపిస్తే ఏమైపోతుంది అనవచ్చు. అంకె కేవలం చూసుకోవడానికే అయితే నిజంగానే ఏమీ కాదు. కానీ లెక్కలు చాలాసార్లు హద్దులవుతాయి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి, తెలుగైతే 70 సంకేతాలు. ఇంగ్లీషులో Pyapili అని ఏడు అక్షరాలతో రాసే పేరును ఖాళీలతో కలిపి అందులో 20 సార్లు రాయవచ్చు, తెలుగులో 7 సార్లే. కొన్ని డేటాబేసుల్లో ఒక గదికి 500 అని హద్దు పెడితే అవి 500 బైట్లన్నమాట. ఇంగ్లీషులో ఆ పేరు అందులో 62 సార్లు పడుతుంది, తెలుగులో 20 సార్లు. అలాంటి గదిలో అర్జీ రాసుకునేవాడికి ఇచ్చిన చోటు మూడో వంతుకు పడిపోయిందన్నమాట. పైగా పట్టీలో ఇంకా ఎంత మిగిలిందో అతనికి అర్థమయ్యే కొలతలో చెప్పకపోతే, నీటి తగాదానో పొలం హద్దునో వివరిస్తూ సగంలో ఉండగా పెట్టె కీబోర్డుకు పలకడం మానేస్తుంది. ఎందుకు మానేసిందో చెప్పేవారుండరు. హద్దు పెట్టడం తప్పు కాదు. ఇంగ్లీషు రాసేవాడికి ఒక గజం, తెలుగు రాసేవాడికి ఒక అడుగు ఇచ్చి, రెండింటినీ 500 అని ఒకే పేరుతో పిలవడం తప్పు.

అయితే అక్షరం అంటే ఏమిటో ముందు మీరు తేల్చండి, అప్పుడు లెక్కపెడతాం అని ప్రోగ్రామర్ అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. చాలాకాలం యూనికోడ్ దగ్గర కూడా సరైన జవాబు లేదు. వాడేవాడికి ఒక అక్షరంగా తోచే సంకేతాల గుంపును ఎలా విడదీయాలో అది నియమాలు ఇచ్చింది గానీ, పాత నియమాలు పొల్లు దగ్గర తెంపేసేవి. అందుకే ప్యాపిలి ‘ప్’, ‘యా’, ‘పి’, ‘లి’గా విడిపోయి 4 వచ్చేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఒక కొత్త నియమం చేరింది. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వస్తే మధ్యలో తెంపకూడదని. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకూ అది వర్తిస్తుంది. ఆ నియమాన్ని అనుసరించే లైబ్రరీని వాడితే ప్యాపిలి 3, స్త్రీ 1. రెండో తరగతి పిల్ల లెక్కకు యంత్రం లెక్క చేరడానికి యూనికోడ్‌లో తెలుగు చేరిన 1991 నుంచి 32 ఏళ్లు పట్టింది. స్విఫ్ట్ భాషలో పొడవు అడిగితే మొదటి నుంచీ గుంపుల లెక్కే వస్తుంది. పైథాన్‌లో అదనపు మాడ్యూల్ పెట్టుకోవాలి, అందులో ఏ కూర్పు యూనికోడ్ నియమాలున్నాయో కూడా చూసుకోవాలి. ఆశ్చర్యమేమంటే, మన లిపికి తోబుట్టువైన కన్నడం 15.1 జాబితాలో లేదు. ప్యాపిలి పేరును కన్నడ లిపిలో రాస్తే అదే నియమావళి 4 అంటుంది.

ఇంతటితో వివాదం తీరిపోలేదు. ‘ఫోన్’లో చివరి పొల్లు ఒక అక్షరమా? యూనికోడ్ లెక్కలో అది విడి గుంపు, కాబట్టి 2. ఛందస్సులో పొల్లు ముందున్న అక్షరంలో కలిసి దాన్ని గురువు చేస్తుంది, కాబట్టి 1. ఉత్పలమాల పాదానికి 20, చంపకమాలకు 21 అక్షరాలని బడిలో గణాలు విడదీసి నేర్చుకున్న లెక్క ఇది. పద్యాలను పరీక్షించే ‘ఛందం’ వంటి తెలుగు సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండో లెక్కే కావాలి, అర్జీ పెట్టెకు మొదటిది చాలు, డేటాబేసు నిర్వాహకుడికి బైట్లు కావాలి. కాబట్టి ఒకే సరైన సంఖ్య ఉందని నేననడం లేదు. పట్టీలో సంఖ్య పక్కన దాని కొలత పేరు ఉండాలని, ఆ కొలత వాడేవాడి పనికి తగినదై ఉండాలని అంటున్నాను. ‘అక్షరాలు 3’ అని ఉంటే 3 ఉండాలి. 8 చూపించక తప్పదనుకుంటే ‘సంకేతాలు 8’ అని రాయాలి. ప్రోగ్రామర్‌కు పడే శ్రమ ఒక మాట మార్చడం, మహా అయితే ఒక మాడ్యూల్ తెచ్చుకోవడం.

కొలతకు వర్తించేదే భాషకూ వర్తిస్తుంది. పట్టీలో మాటలను తెలుగు చేయడమంటే నిఘంటువు పక్కన పెట్టుకుని పదానికి పదం మార్చడం కాదు. ఇంగ్లీషులో సంఖ్యను ముందు పెట్టి వెనుక ‘ఫైళ్లు కాపీ’ అన్న ముక్కను అతికించే ప్రోగ్రాం తెలుగులో తడబడుతుంది. మన క్రియ వచనాన్ని బట్టి మారుతుంది: 1 ఫైలు కాపీ అయింది, 3 ఫైళ్లు కాపీ అయ్యాయి. అనువాదాలకు వాడే గెట్‌టెక్స్ట్‌లో ఏకవచనానికి ఒక పూర్తి వాక్యం, బహువచనానికి మరో పూర్తి వాక్యం ఇచ్చే వీలుంది. ముక్కలు అతికించకుండా వాక్యం వాక్యంగా ఇస్తేనే అది పనికొస్తుంది. ఇక ఎత్తు సంగతి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా ఇన్ని పిక్సెళ్లని పట్టీ ఎత్తును బిగించేస్తే మన గుడులు పైన, వత్తులు కింద తెగిపోతాయి. ‘స్త్రీ’లో కింది వత్తు తెగితే అది మరేదో అక్షరమవుతుంది. ఎత్తును అంకెతో బిగించకుండా ఫాంటు కొలతలను అడిగి తెచ్చుకోవాలి. విండోస్ పట్టీకి కనీస ఎత్తు చెప్పే సందేశం మొదటి నుంచీ ఉంది, వాడకపోవడం మన లోపం.

ఈ పట్టీని కళ్లతో కాక చెవులతో చదివేవాళ్లు కూడా ఉన్నారు, వారికోసం ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చూపు లేనివారు వాడే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో ఎన్‌వీడీఏ కీతో పాటు ఎండ్ కీ నొక్కితే పట్టీలో ఉన్నదంతా చదివి వినిపిస్తుంది. దాంతో పాటు వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. అయితే చదవడానికి ఒక షరతుంది. పట్టీ నిజమైన స్టేటస్ బార్‌గా నమోదై ఉండాలి. అడుగున అతికించిన ఉత్త లేబుల్ కంటికి పట్టీలాగే కనబడుతుంది గానీ స్క్రీన్ రీడర్‌కు అది ఎక్కడో ఉన్న ఒక రాత మాత్రమే. రంగుతో చెప్పే సంగతి కూడా చెవికి చేరదు. భద్రం కాలేదని చెప్పడానికి ఎర్రచుక్క పెడితే, పక్కన ‘భద్రం కాలేదు’ అన్న మాట కూడా ఉండాలి. చుక్క లేకపోయినా ఫరవాలేదు, మాట మాత్రం ఉండి తీరాలి. గదుల్లో విడివిడిగా ‘3’, ‘1’, ‘తె’ అని పొట్టిగా రాసి పెడితే వినేవాడికి మూడు, ఒకటి, తె అని వినిపిస్తుంది. ‘3 అక్షరాలు, 1వ వరుస, తెలుగు కీబోర్డు’ అని రాస్తే కళ్లున్నవాడికి ఒక అంగుళం చోటు ఎక్కువ పడుతుంది, చూపు లేనివాడికి తాను ఎక్కడున్నాడో తెలుస్తుంది.